‘నర్సు వద్దు, టెలిమెడిసిన్ కావాలి’ అంటున్న నాన్నకు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా పాప బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, ఎంబీబీఎస్ సీటుకు చాలే మార్కులు రాలేదు. మూడోసారి రాయనంటోంది. నర్సింగ్ మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. తిరుపతిలో ఒక కాలేజీ వాళ్ళు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్‌లో నడిపే చదువు), టెలిమెడిసిన్ (దూరంగా ఉన్న డాక్టర్ ఫోన్‌లో, వీడియోలో చూడటం) కలిపి మూడేళ్ళ బీఎస్సీ కోర్సు ఉందన్నారు. ఇక మీదట పల్లెల్లో వైద్యమంతా టెలిమెడిసినే అంట, ఊళ్ళోనే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చంట. దీనికీ, నర్సింగ్‌కీ, మెడికల్ కోడింగ్‌కీ తేడా చెప్పండి. దేనికి భవిష్యత్తు ఉంది?
- ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

మీ మెయిల్ చాలా పెద్దది, పైన కుదించి పెట్టాను. కుదించేటప్పుడు ఒక సంగతి కంటబడింది. మీకేది ఇష్టమో ఉంది, మీ ఆవిడకు ఏది ఇష్టం లేదో ఉంది, బెంగళూరులో ఉన్న మీ బావమరిది ఏమన్నాడో కూడా ఉంది. పాప మాట మాత్రం ఒక్కటే ఉంది: ‘మూడోసారి రాయనంటోంది’. రెండేళ్ళు గది తలుపు మూసుకుని చదివిన పిల్ల ఆ మాట ఇంట్లో బయటపెట్టడానికి ఎంత కూడగట్టుకుని ఉంటుందో నాకు తెలుసు. ముందు ఆ మాటకు విలువివ్వండి.

నీట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి దసరా దాకా నాకు వారానికి రెండు మూడు ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, అంతే. ఒక ఏడాది క్లినికల్ రీసెర్చ్, ఒక ఏడాది బయోఇన్ఫర్మాటిక్స్, ఇప్పుడు టెలిమెడిసిన్. కింద ఉండే దిగులు మాత్రం ఒకటే. డాక్టర్ కాలేకపోయిన పిల్లని డాక్టర్‌కి దగ్గరగా, ఇంటికి దగ్గరగా, నలుగురిలో చెప్పుకునేలా ఎక్కడ కూర్చోబెట్టాలి? మీరు తేడా చెప్పమన్నారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇదేనని నా అనుమానం.

టెలిమెడిసిన్ బూటకమని నేను అనను. మన ప్రాంతంలో కూర్చుని ఆ మాట అంటే తప్పవుతుంది. చిత్తూరు పక్కన అరగొండ ఉంది కదా, దేశంలో పల్లెకు టెలిమెడిసిన్ మొదట వచ్చిన చోట్లలో అదొకటి. అపోలో ప్రతాప్ సి. రెడ్డిగారి సొంతూరు. అక్కడి ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా పెద్దాసుపత్రి డాక్టర్లకు కలిపారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు దాన్ని ప్రారంభించారు. అప్పటికి మన పల్లెల్లో ఎస్టీడీ బూతు దగ్గర క్యూ కట్టే రోజులు. హనుమంతుడు సంజీవని కొండ మోసుకుపోతుంటే ఒక ముక్క అక్కడ పడిందనీ, అరకొండే అరగొండ అయిందనీ పెద్దవాళ్ళు చెప్తారు. అక్కడి అర్ధగిరి కోనేటి నీళ్ళు ఒంటికి మంచివని ఇప్పటికీ సీసాల్లో పట్టుకెళ్తారు. కేంద్రం తన టెలిమెడిసిన్ సేవకు ‘ఈ-సంజీవని’ అని పేరు పెట్టినప్పుడు నాకు ఆ కొండే గుర్తొచ్చింది.

ఆ ఈ-సంజీవనినే తీసుకుందాం. తయారు చేసింది మొహాలీలోని సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ. 2019 నవంబర్‌లో మొదలైంది, ముందుగా అమలు చేసిన రాష్ట్రం మనదే. పల్లెలో ఉన్న హెల్త్ క్లినిక్ నుంచి ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, ఆ క్లినిక్ చూసుకునే ఉద్యోగి) లాగిన్ అవుతుంది. రోగి వివరాలు, బీపీ, షుగర్ ఎక్కిస్తుంది. అవతల హబ్‌లో కూర్చున్న డాక్టర్ వీడియోలో చూసి మందులు రాస్తారు. ఆ చీటీ ఇక్కడ ప్రింటు తీసి మందులిస్తారు. ఇందులో ఎవరెవరున్నారో లెక్కపెట్టండి. అవతల ఉన్నది డాక్టర్. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టర్డ్ డాక్టర్ తప్ప ఇంకెవరూ ఆ పని చేయకూడదు. ఇవతల ఉన్న ఎంఎల్‌హెచ్‌పీ బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్ల. సాఫ్ట్‌వేర్ చూసుకునేది ఇంజినీర్లు. మధ్యలో ‘టెలిమెడిసిన్ గ్రాడ్యుయేట్’ కోసం వేసిన కుర్చీ ఏది? నేను వెతికాను, నాకు కనబడలేదు. కాలేజీ వాళ్ళని అడిగి మీరైనా నాకు చూపించండి.

కిందటేడు వి.కోట వైపు ఒక క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ ఎంఎల్‌హెచ్‌పీగా ఉన్న అమ్మాయి ఒకప్పుడు నా దగ్గరకు సలహా కోసం వచ్చినదే, నీట్‌లో సీటు రానిదే. ఒక అవ్వ వచ్చి ‘సోస వస్తా ఉంది’ అంది. ట్యాబ్‌లో లక్షణాల జాబితా ఉంది గానీ అందులో ‘సోస’ ఎక్కడుంటుంది? తెర మీది డాక్టర్ కోస్తా మనిషి లాగుంది, ఆ మాట అర్థం కాలేదు. అవ్వ విసుక్కుని సగం అరవంలో మొదలుపెట్టింది. ఈ అమ్మాయే రెండు వైపులా మాట అందించింది: కళ్ళు తిరగడమా, గుండె దడా, నిలబడితేనా, పడుకున్నా ఉందా? అంతలో వీడియో బిగుసుకుపోయింది. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ‘కాళ్ళు వాచాయేమో నొక్కి చూడమ్మా’ అన్నారు డాక్టర్. చీర అంచు కొంచెం పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. ‘గుంట పడుతోంది మేడం’ అంది, అంటే ఒంట్లో నీరు చేరిందన్నమాట. అవతల డాక్టర్ గొంతు మారింది. మందుల చీటీ పక్కన పెట్టి, ‘ఇవాళే పెద్దాసుపత్రికి పంపించు’ అన్నారు.

ఆ రోజు డాక్టర్‌కి అందిన సమాచారంలో అసలైనది ఆ గుంట. అది చూడగలిగింది మీ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేని చదువు చదివిన అమ్మాయి.

ఇప్పుడు కొంచెం గట్టిగానే అంటాను, ఏమనుకోకండన్నా. ‘నర్సింగ్ అంటే మావాళ్ళు ఒప్పుకోరు’ అని రాశారు. ఎందుకని రాయలేదు. రాత్రి డ్యూటీలా? డాక్టర్‌కీ ఉంటాయి, ఎంబీబీఎస్ వచ్చుంటే ఎగిరి గంతేసేవాళ్ళు. పరాయివాళ్ళ ఒళ్ళు ముట్టుకోవడమా? డాక్టర్ కూడా ముట్టుకుంటుంది. జీతం తక్కువనా? ప్రైవేటు నర్సింగ్ హోముల్లో తక్కువే, నేను దాచను. ఎంఎల్‌హెచ్‌పీ ఉద్యోగం కాంట్రాక్టు, పర్మినెంట్ చేయమని వాళ్ళు ధర్నాలు చేసిన మాటా నిజమే. కానీ మీ అభ్యంతరం ఇదేదీ కాదు. పెళ్ళిచూపుల్లో ‘మా పాప నర్సు’ అనాలంటే నోరు రావడం లేదు, ‘హెల్త్ ఇన్ఫర్మాటిక్స్’ అంటే అవతలివాళ్ళకు అర్థం కాదు కాబట్టి గొప్పగా ఉంటుంది. లక్షలు పోసి కొంటున్నది ఆ అర్థం కాకపోవడాన్నే. పాపకు నిజంగా రోగుల దగ్గర మెలగడం ఇష్టం లేకపోతే అది వేరే సంగతి. అప్పుడు నర్సింగ్‌లో చేర్చమని నేనే చెప్పను. ఆ మాట తన నోటి నుంచి రావాలి.

మెడికల్ కోడింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇప్పుడు బైపీసీ ఇళ్ళల్లో అందరి నోటా అదే. అమెరికాలో డాక్టర్ రాసిన నోట్స్ చదివి జబ్బుకో కోడ్, చేసిన వైద్యానికో కోడ్ వేయడమే ఆ పని. దాన్ని బట్టే అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. 2015 అక్టోబర్‌లో వాళ్ళు ఐసీడీ-10 అనే కొత్త కోడ్ల జాబితాకి మారారు. అప్పటిదాకా 14 వేలున్న జబ్బుల కోడ్లు ఒక్కసారిగా 70 వేలకు దగ్గరయ్యాయి. ఆవు కుమ్మితే ఒక కోడ్, బాతు వచ్చి తగిలితే ఇంకో కోడ్. (పుంగనూరు ఆవు కుమ్మినా అదే కోడ్, పొట్టిదని తగ్గించరు.) అంత చిట్టా చూసి వేయడానికి మనుషులు కావాల్సి వచ్చింది, చెన్నైలో, హైదరాబాదులో ఆఫీసులు పెరిగాయి. మన పిల్లలు చాలామంది అక్కడ కుదురుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకు చిన్నచూపు లేదు.

సందేహాలు మాత్రం ఉన్నాయి. చేరిన కొత్తల్లో ఇచ్చే తేలిక చార్టులనే, అంటే రోగి నోట్సునే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ముందుగా కోడ్ చేసి పెడుతోంది, మనిషి సరిచూస్తే చాలు. సరిచూడాలంటే అనుభవం కావాలి. తేలిక పని మిషన్ లాగేసుకుంటే కొత్తపిల్లకు ఆ అనుభవం ఎక్కడ వస్తుంది? నేను అడిగిన టీమ్ లీడర్లెవరూ దీనికి సూటిగా జవాబివ్వలేదు. పైగా ఆరునెలల కోచింగ్‌తో నేర్చుకుని సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష రాసుకోగలిగే పనికి మూడేళ్ళ డిగ్రీ ఎందుకు? ఇంకో మాట, మీకు కాలేజీలో చెప్పింది ‘పల్లెకు వైద్యం, ఊళ్ళో ఉద్యోగం’ అని. వాళ్ళ ప్లేస్‌మెంట్ జాబితా అడిగి చూడండి. అందులో ఉన్నవి ఎక్కువగా చెన్నై కోడింగ్ కంపెనీలైతే, అది పలమనేరు అవ్వకు వైద్యం కాదు, అమెరికా అవ్వకు బిల్లు. చేయకూడని పని కాదు గానీ ఆ పేరుతో అమ్మకూడదు.

ఈ విషయంలో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. కోవిడ్ రోజుల్లో అందరూ ఫోన్లో డాక్టర్‌ని చూస్తుంటే ఇక ఇదే దారనుకున్నాను. పుత్తూరు అబ్బాయి ఒకణ్ణి ‘డిజిటల్ హెల్త్’ డిప్లొమాలో చేరమన్నాను. ఉద్యోగానికి మాదీ పూచీ అన్న సంస్థ ఏడాది తిరిగాక ఫోనెత్తలేదు. వాడు ఒక ఆసుపత్రి ఓపీ కౌంటర్‌లో పేరు, వయసు, ఫోన్ నంబర్ టైపు చేస్తూ చాలాకాలం గడిపాడు. తర్వాత తనే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి నిలదొక్కుకున్నాడు. ఇప్పుడు వాడి ల్యాబ్‌లో రిపోర్టులన్నీ కంప్యూటర్‌లోనే, సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే అందరూ పిలిచేది వాణ్ణే. డిప్లొమా అక్కరకొచ్చింది గానీ చేతిలో ఒక పని ఉన్నాకే వచ్చింది. ఆ కుర్రాడి నాన్న ఇప్పటికీ తిరుపతి బస్టాండులో కనబడితే నేనే ముందు పలకరిస్తాను.

అందుకే నా లెక్క ఇది: ముందు ఒక చేతిపని, దాని మీద కంప్యూటర్. నర్సింగ్ కావచ్చు, ల్యాబ్ కావచ్చు, రేడియాలజీ కావచ్చు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, రుయా ఉంది. అలాంటి చోట్ల నేర్చుకునే పిల్లకు రోజూ కనబడే రోగుల సంఖ్యే సగం చదువు. 2021 సెప్టెంబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వల్ల మనిషికో 14 అంకెల ఆభా అనే హెల్త్ నంబర్ వచ్చింది. పాత రికార్డులు ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి అందాలంటే వాటిని తప్పుల్లేకుండా ఎక్కించేవాళ్ళు కావాలి, వార్డు సంగతి తెలిసినవాళ్ళు కావాలి. ఆసుపత్రి రికార్డుల విభాగం ఎంఆర్‌డీలో, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) క్లెయిముల దగ్గర, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆసుపత్రికి పంపే ట్రైనర్లలో నాకు కనబడిన గట్టి మనుషులు ఎక్కువమంది పాత నర్సులూ, ల్యాబ్ వాళ్ళే.

అయినా ఆ కోర్సే కావాలంటే, ఫీజు కట్టకముందు రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి. 2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం వచ్చింది. హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్, ఇన్ఫర్మాటిక్స్ కూడా అందులో గుర్తింపు ఉన్న వర్గమే. ఈ కోర్సు దాని కిందికి వస్తుందా అన్నది మొదటిది. మూడేళ్ళలో పిల్ల ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు పని నేర్చుకుంటుందన్నది రెండోది. ‘టై-అప్ ఉంది’ అంటే ఒప్పుకోకండి, ఆసుపత్రి పేరు రాయమనండి. రాసిస్తే నా అనుమానంలో సగం వెనక్కి తీసుకుంటాను.

తేడా చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. మనుషుల మధ్య ఉండటం పాపకు ఇష్టమైతే నర్సింగ్. ఇష్టం లేదు గానీ ఆసుపత్రి కావాలంటే ల్యాబ్ లేదా రేడియాలజీ. రెండూ వద్దు, కంప్యూటరే ఇష్టమంటే బీసీఏ లాంటి సూటి చదువు చదివి తర్వాత హెల్త్ వైపు రావచ్చు. కోడింగ్‌ని మాత్రం ఏదో ఒక డిగ్రీ అయ్యాక చేతిలో ఇంకో అవకాశంగా ఉండనీయండి.

నీట్‌లో సీటు రాకపోవడం గురించి పాపకు ఒక మాట. రెండేళ్ళు పోయాయని అనుకోకమ్మా. ఆ బయాలజీ, ఆ ఫిజియాలజీ మొదటి ఏడాది క్లాసులో పక్క పిల్లలు కొత్తగా నేర్చుకుంటుంటే నీకు వచ్చేసి ఉంటుంది. వి.కోట అమ్మాయి నాతో అన్న మాటే ఇది. ఆ అమ్మాయితో నేను మాట్లాడి పెట్టాను. రెండు రోజులు వచ్చి తన పక్కన కూర్చుని చూడమంది. ఒక ఉదయం ఓపీ అయ్యేదాకా చూడు. ఆ వాసన, ఆ జనం, ఆ బిగుసుకుపోయే వీడియో నీకు పడతాయో లేదో నీకే తెలుస్తుంది.

అన్నా, మీరు బస్సెక్కించండి చాలు, వెంట వెళ్ళొద్దు. తర్వాత వచ్చే ఆదివారం ఇద్దరూ తిరుపతి రండి. పాప లోపలికొచ్చి నాతో మాట్లాడుతుంది, మీరు బయట బెంచీ మీద కూర్చుంటారు. ఎదురుగా టీ కొట్టుంది, గంటసేపు పట్టొచ్చు.