ఏడేళ్లు కదలని అంబాసిడర్ వణుకుతుంటే ఇంజను దింపే ముందు చూడవలసినవి

మీ తాతగారి పెట్రోల్ అంబాసిడర్ అమలాపురం దగ్గర కొట్టంలో ఏడేళ్లు కదలకుండా ఉందని, కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు వేస్తే స్టార్టయింది గానీ ఐడ్లింగులో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడుస్తున్నప్పుడు) బండంతా వణుకుతోందని, వంతెన ఎక్కేటప్పుడు లాగలేక ఆగిపోతోందని, కార్బొరేటర్ రెండుసార్లు కడిగించినా మార్పు లేకపోవడంతో ఇంజను దింపి బోరు (సిలిండర్ల లోపలి గోడలను మళ్లీ చెక్కించడం) చేయించాలని మెకానిక్ చెబుతున్నారని రాశారు. ఇంజను దింపడానికి ఇప్పుడే ఒప్పుకోవద్దని నా మనవి.

రాజోలు వైపు మా ఇంట్లో నాన్నగారి 1982 నాటి అంబాసిడర్ ఆరేళ్లు ఇలాగే నిలిచిపోయింది. అదే 1489 సీసీ పెట్రోల్ ఇంజను, ఇవే లక్షణాలు. నేను మూడు నెలలు నష్టపోయాను. అందుకు కారణం పనితనం లోపం కాదు, లోపం ఒక్కటే ఉంటుందని అనుకోవడం. నడుస్తూ నడుస్తూ చెడిన బండిలో సాధారణంగా ఒక్క భాగమే చెడుతుంది. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో మాత్రం మూడు నాలుగు చోట్ల కొద్దికొద్దిగా చెడి, ఒకదాని లక్షణాన్ని మరొకటి కప్పేస్తుంది. ఒకటి సరిచేసినా వణుకు పోదు కాబట్టి, మనం చేసిన సరైన మరమ్మతునే తప్పనుకుని మళ్లీ మార్చేస్తాం. నేను సరిగ్గా ఉన్న కార్బొరేటర్ స్క్రూలను అలాగే పాడుచేశాను.

అందువల్ల ముందుగా, ఏ లక్షణం ఎప్పుడు వస్తోందో నాలుగు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి. మా బండి తెల్లవారుజామున మంచులో ఘోరంగా మిస్సింగ్ కొట్టేది (సిలిండర్లు సరిగ్గా మండక తడబడేది), ఎండెక్కాక కొంత సర్దుకునేది, ఐడ్లింగులో వణుకు మాత్రం రోజంతా ఉండేది, వంతెన మీద లాగలేకపోవడం ఇరవై ముప్పై నిమిషాలు నడిచాకే వచ్చేది. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులని కాగితం మీద చూశాకే నాకు తెలిసింది.

తరువాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిపించండి. బోరు చేయించాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు చూడవలసింది ఈ కొలతనే. ఇంజను వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి కొలవాలి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువగా ఉంటే దానిలో ఒక చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. కొలత పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో ఉన్నట్టు, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో (ఇంజను పైమూత కింది ప్యాకింగులోనో) ఉన్నట్టు. మా బండిలో మూడో సిలిండరు తక్కువ చూపింది, ఆయిల్ పోసినా పెరగలేదు. బండిని ఆపిన రోజున ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తెరుచుకుని ఉండిపోయిందని, సైలెన్సర్ గొట్టం గుండా చేరిన తడిగాలికి దాని కాడ తుప్పు పట్టి బిగుసుకుందని వాల్వు కవరు తీశాక తెలిసింది. తుప్పు వదిలించే నూనెను కాడ మీద చుక్కలుగా వేసి, ఇంజనును చేత్తో తిప్పుతూ మూడు రోజులు ఓపిక పట్టి, ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాల సందులు) సరిచేసి మెల్లగా నడిపితే, కొలత క్రమంగా మిగతా వాటి దగ్గరికి వచ్చింది. బోరు ఖర్చు మొత్తం తప్పింది.

ఇక తెల్లవారుజాము మిస్సింగ్ సంగతి. సముద్రం, కాలువలు, చెరువులు చుట్టూ ఉన్న మన ప్రాంతంలో గాలిలోని తేమ ముందుగా దెబ్బతీసేది ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌నే. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా చేతులు దూరంగా ఉంచి చూడండి. ప్లగ్గు వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మూత అయిన క్యాప్ మీద నీలి మెరుపులు పాకుతుంటే, ప్లగ్గులు ఎంత కొత్తవైనా వాటికి చేరవలసిన కరెంటు దారిలోనే పోతోందన్నమాట. క్యాప్ లోపల జుట్టంత సన్నని నల్లగీత ఉన్నా చాలు, తుడిస్తే పోదు, మార్చవలసిందే. బండి ఏళ్ల తరబడి నిలిచినప్పుడు డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల ముఖాల మీద పొర కడుతుంది. శుభ్రం చేసి, సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండేట్లు పెట్టించండి. పాయింట్లతో పాటు ఉండే కండెన్సర్ ఖరీదు తక్కువ, అనుమానం ఉంటే మార్చేయడమే మేలు. కొత్త ప్లగ్గులు వేసినప్పుడు వైర్లు సిలిండర్లు మండే 1-3-4-2 వరుసలో తిరిగి పెట్టారో లేదో కూడా ఒకసారి చూడండి.

రోజంతా ఉండే ఐడ్లింగు వణుకుకు మా బండిలో ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు గాలి, పెట్రోలు చేర్చే గొట్టం) ప్యాకింగ్ కారణమైంది. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ దారులు రెండే, ఒక్కో దారిని రెండేసి సిలిండర్లు పంచుకుంటాయి. అందువల్ల ఒక చోట అతుకు గుండా దొంగగాలి (కార్బొరేటర్ దాటకుండా వచ్చే గాలి) చొరబడితే పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి బలహీనపడతాయి. ఐడ్లింగులో ఆ అతుకుల మీద నీళ్లు సన్నగా పిచికారీ చేసినప్పుడు ఇంజను శబ్దం మారితే అక్కడే లోపం ఉంది. మేనిఫోల్డ్‌లోని పీల్పును కొలిచే వాక్యూమ్ గేజి దొరికితే ఇంకా మంచిది. మనం సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నాం కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఇంజను 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లును కదలకుండా నిలబెడుతుంది. ముల్లు తక్కువలో స్థిరంగా ఉంటే గాలి చొరబాటునో టైమింగునో (ప్లగ్గు మెరుపు పడే వేళనో), ఒకే తాళంలో కొట్టుకుంటుంటే వాల్వునో అనుమానించాలి.

వంతెన విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది. మన డెల్టాలో బండికి ఎదురయ్యే ఎత్తులు వంతెనలు, ఏటిగట్లు మాత్రమే. చదును రోడ్డు మీద చాలినంత పెట్రోలు వస్తున్నట్టే ఉంటుంది, బరువు పడినప్పుడే కొరత బయటపడుతుంది. మా బండి చించినాడ వంతెన సగం ఎక్కి ఆగిపోయేది, పది నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూశాను, గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. ట్యాంకుకు గాలి అందించే సన్నని గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. పెట్రోలు తగ్గిన కొద్దీ లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోయేది. అది తీశాక కూడా కొంత మిగిలితే ట్యాంకు దింపాను, అడుగున తుప్పు పొడి కనబడింది.

మీరు ట్యాంకులోని పెట్రోలు కొంచెం గాజు సీసాలోకి తీసి గంటసేపు కదపకుండా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి అడుగున వేరే పొరగా చేరుతుంది. సీసాలో అలాంటి పొర కనిపిస్తే, ట్యాంకు శుభ్రమయ్యేవరకు కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచని పొర) తీసి, ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి.

ఒక రోజున ఒక్క మార్పే చేయండి, చేశాక అదే దారిలో, అదే వేళకు నడిపి చూడండి. కార్బొరేటర్ స్క్రూలను అన్నిటికంటే చివర ముట్టుకోండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలతలు, ఆయిల్ పోయకముందువి, పోశాక వచ్చినవి తెలియజేస్తే, హెడ్ విప్పవలసిన అవసరం ఉందో లేదో చెప్పగలను.