పీవీ నరసింహారావు గురించి మొదట ఏ పుస్తకం చదవాలి?

వినయ్ సీతాపతి రాసిన 'హాఫ్ లయన్' (2016)తో మొదలుపెట్టండి. పీవీ దాచుకున్న సొంత కాగితాలు చూసి రాసిన జీవిత చరిత్ర ఇది. సొంతూరు వంగర నుంచి ఢిల్లీ దాకా మనిషి మొత్తం కనిపిస్తాడు.

1991 ఆర్థిక సంస్కరణల ఘనత ప్రధాని పీవీదా, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్‌దా అనే వాదన ఎప్పటికీ తెగదు. దానికి జైరాం రమేశ్ పుస్తకం 'టు ది బ్రింక్ అండ్ బ్యాక్' పనికొస్తుంది. ఆ రోజుల్లో ఆయన ప్రధాని కార్యాలయంలోనే పనిచేశారు. జూలై 24న బడ్జెట్ వచ్చింది. లైసెన్సుల రాజ్యానికి గండికొట్టిన కొత్త పారిశ్రామిక విధానం కూడా అదే రోజు సభ ముందుకొచ్చింది. పరిశ్రమల శాఖ అప్పుడు పీవీ చేతిలోనే ఉందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. నా దృష్టిలో ఆ ఒక్క విషయం చాలు, ఆయన్ని పక్కన నిలబడ్డ పెద్దమనిషిగా చూపడం అన్యాయమని చెప్పడానికి.

అయోధ్యలో 1992 నాటి బాబ్రీ మసీదు కూల్చివేత దగ్గర మాత్రం నాకు సీతాపతితో పేచీ ఉంది. పీవీ కుట్రదారు కాదు, అంచనా తప్పారు అంటాడాయన. మొదటి మాట ఒప్పుకుంటాను. కానీ ప్రధాని స్థాయిలో అంత పెద్ద పొరపాటుకు బాధ్యత ఇంకా గట్టిగా అడగాల్సింది. పీవీ మరణం తర్వాత 2006లో వచ్చిన ఆయన సొంత పుస్తకం 'అయోధ్య'ను పక్కన పెట్టుకుని చదివి, మీరే తేల్చుకోండి.

పీవీ రాసిన 'ది ఇన్‌సైడర్' నవల. అందులోని కథానాయకుడు ఆనంద్‌లో పీవీ కనిపిస్తాడు నిజమే, అయినా దాన్ని సాక్ష్యంగా వాడకండి.