అమరావతి ఊపు చూసి అమ్మాయిని సివిల్‌లో చేర్చొచ్చా?

ప్రశ్న: మాది తుళ్లూరు మండలం. రాజధానికి భూమి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకునే ల్యాండ్ పూలింగ్‌లో రెండెకరాల మెట్ట ఇచ్చాం. 2019 తర్వాత మా ప్లాట్లు అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు బ్రోకర్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయింది, సివిలే చదువుతానంటోంది. మా మరిది కొడుకు 2019లో సివిల్ పాసై రెండేళ్లు ఖాళీగా ఉండి, చివరికి సాఫ్ట్‌వేర్‌కి మారాడు. ఈ ఊపు నిలుస్తుందా? ఒక ప్లాటు అమ్మి బి కేటగిరీలో (మేనేజ్‌మెంట్ కోటాలో) కంప్యూటర్స్ ఏఐ సీటు తీసుకోమంటారా? ఆడపిల్ల ఎండలో సైట్ల మీద తిరగడం కూడా నాకు ఇష్టం లేదు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, సివిలా కంప్యూటర్సా అని అడిగారు గానీ మీ అసలు దిగులు వేరు. ఒకసారి నమ్మి భూమి ఇచ్చారు, ఐదేళ్లు కుమిలిపోయారు. ఇప్పుడు అదే ఊరిని నమ్మి పిల్ల చదువు కూడా పణంగా పెట్టాలా అన్నది మీ భయం. మీ వైపు నుంచి ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. భయపడటంలో తప్పేం లేదు.

బ్రోకర్ చెప్పే గజం రేటును మాత్రం గుర్తుగా తీసుకోకండి. 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) దాదాపు 79 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాయి. ప్రపంచ బ్యాంకు డబ్బు అనుకున్న ఫలితాలు చూపించిన కొద్దీ వస్తుంది. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి. ఇవి గట్టి గుర్తులే. అయితే ప్లాట్లు చేతులు మారినంత మాత్రాన ఇళ్ల మార్కెట్ కోలుకున్నట్టు కాదు, జనం వచ్చి కాపురాలు పెట్టాలి. మీ దగ్గర్లో పూర్తయిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడగండి, ఎన్ని ఫ్లాట్లలో కరెంటు మీటర్లు తిరుగుతున్నాయో. బ్రోకర్ ఫోన్ల కంటే ఆ లెక్క నిజం చెబుతుంది.

ఇక మీ మరిది కొడుకు సంగతి. ఆ ఏడాది రాజధాని పనులు ఆగాయి, రాష్ట్రమంతా ఇసుక దొరక్క మామూలు ఇళ్ల పనులు కూడా నిలిచిపోయాయి. రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ఆ అబ్బాయిలో లోపం లేదు, సివిల్ చదువులోనూ లేదు. మీ అమ్మాయి బయటికొచ్చేది నాలుగేళ్ల తర్వాత. అప్పటికి అమరావతి ఎలా ఉన్నా మెట్రోలు, రైల్వే, నీటిపారుదల, హైవేలు ఉంటాయి. సచివాలయం టవర్ల పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో నానాయి కదా, 2024లో వాటి గట్టిదనం తేల్చడానికి ఐఐటీల నిపుణులను పిలిపించారు. పనులు ఆగినా, మళ్లీ మొదలైనా సివిల్ తెలిసినవాళ్లు కావాల్సిందే.

నాకు ఎక్కువ అనుమానం ఉన్నది మీరు కొనాలనుకుంటున్న సీటు మీదే. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ, 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితి ఎత్తేసింది. చాలా కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచేసుకున్నాయి. సీట్లు పెంచినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? బ్రాంచి పేరులో ఏఐ అని ఉండి, నాలుగేళ్లకు సొంతంగా ఒక ప్రోగ్రాం రాయలేని పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ల నాన్నలు పొలమో ప్లాటో అమ్మారు. కోడింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లయితే నేనే చేర్చమంటాను. మీ అమ్మాయి అది అడగలేదు. ప్రారంభ జీతం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ, సివిల్‌లో తక్కువ, అది నిజం. ఆ పెద్ద జీతం మంచి కాలేజీలో బాగా నేర్చుకున్నవాళ్లకే అన్నదీ అంతే నిజం.

ఒక మాట కటువుగానే చెబుతాను. ఆడపిల్ల ఎండలో తిరగాలా అని బాధపడుతున్నారు. మీరు ఆ మెట్ట పొలంలో ఎన్నేళ్లు ఎండలో నిలబడ్డారు? ఆ కష్టానికి మీకు ఎవరూ ఇంజనీర్ జీతం ఇవ్వలేదు. మీ పిల్లకు ఇస్తారు. పైగా డిజైన్, క్వాంటిటీ సర్వే (ఏ పనికి ఎంత సామాను, ఎంత ఖర్చు అని లెక్కగట్టడం), ప్లానింగ్ పనులు చాలావరకు ఆఫీసులోనే ఉంటాయి. మొదటి రెండేళ్లు సైట్ చూసినవాళ్లకే అక్కడ విలువ ఎక్కువ. పిల్ల కోరికకు మీ భయాన్ని అడ్డం పెట్టకండి.

కాలేజీకి మాత్రం మీరే స్వయంగా వెళ్లి సివిల్ ల్యాబ్ చూడండి. కాంక్రీట్ క్యూబులను నొక్కి చూసే మెషిన్ మీద దుమ్ముందా, 28 రోజుల పరీక్షకు నీళ్లలో క్యూబులు ఉన్నాయా, నేల కొలిచే టోటల్ స్టేషన్ పరికరం బీరువాలోంచి బయటికొస్తుందా? ఫైనలియర్ పిల్లలు రెవిట్, ఈట్యాబ్స్ లాంటి బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ల మీద చేసిన పని చూపించమనండి. చూపించలేకపోతే ఆ కాలేజీ వద్దు.

ప్లాటు అమ్మకండి. ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో సివిల్ సీటుకు ఇప్పుడు కంప్యూటర్స్ అంత పోటీ లేదు, మంచి కాలేజీలోనే దొరకొచ్చు. ఫీజుకు తక్కువ పడితే బ్యాంకులో విద్యా రుణం అడగండి. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు బంధువులెవరినీ పిలవకుండా, కాలేజీల క్రమం అమ్మాయి చేతే పెట్టించండి.