ఈ వారం పరాషా రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ అందాయి. రెండేసి సార్లు చదివాను. తోరా, అంటే బైబిల్లోని మొదటి అయిదు పుస్తకాలు, యూదులు వారానికో భాగం, అంటే ఒక్కో పరాషా, చొప్పున చదువుతారు కదా, ఆ వారపు పఠనాల మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం వాళ్లు తెలుగు మాట్లాడే యూదులుగా బతుకుతున్నారు. వాళ్ల సంగతి వేరు. మిగతా తెలుగువాళ్లలో చాలామందికి ఈ కథలు చర్చిలోనో సండే స్కూల్లోనో చెవినపడినవే. తెలిసిన కథే కదా అని పాఠకులు పైపైన చదివేస్తారు. నువ్వూ అలాగే పైపైన రాశావు. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

'వయేరా' మీద రాసినదాన్నే తీసుకుందాం. ఆదికాండము 18 నుంచి 22 దాకా అయిదు అధ్యాయాల పరాషా అది. మొత్తం కథ రెండు పేజీల్లో చెప్పేసి, 'విశ్వాసం ఉంటే దేవుడే దారి చూపిస్తాడు' అని ముగించావు. ఆ వాక్యం రాయడానికి ఆ పరాషా చదవక్కర్లేదమ్మా. చదివినవాళ్లే రాయగలిగింది ఏదో ఒకటి ఉండాలి.

కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు అబ్రాహామును అడిగిన 22వ అధ్యాయం మళ్లీ తియ్యి. అబ్రాహామును మూడుసార్లు పిలుస్తారు. మొదట దేవుడు, తర్వాత ఇస్సాకు, చివర దేవదూత. మన పాత తెలుగు అనువాదంలో దేవుడికీ దూతకూ 'చిత్తము ప్రభువా' అంటాడు, కొడుక్కి 'ఏమి నా కుమారుడా' అంటాడు. తప్పని అనను. మన భాషలో పైవాళ్లకు పలికినట్టు బిడ్డకు పలకం. కానీ హీబ్రూలో మూడుచోట్లా ఉన్నది ఒకే మాట, 'హినేని'. ఇదిగో ఉన్నాను, అని. అర్పించమన్న దేవుడికీ, కట్టెలు మోస్తూ పక్కనే నడుస్తున్న బిడ్డకూ అదే మాట ఇచ్చాడు ఆ తండ్రి. ఇద్దరికీ ఎలా నిలబెట్టుకుంటాడు? నేను ఆ ప్రశ్న దగ్గర ఎన్నో ఏళ్లుగా ఆగిపోతున్నాను. నీ రెండు పేజీలూ ఆ ఒక్క మాట మీదే రాసి ఉంటే ఎంత బాగుండేది!

నేను ఇదే పరాషా మీద మొదటిసారి రాసినప్పుడు, తండ్రీకొడుకులు ఇద్దరూ కొండ దిగి వచ్చారని రాశాను. చిన్నప్పటినుంచి విన్న కథ కాబట్టి పుస్తకం తెరవలేదు. ఒక పెద్దాయన కార్డు రాశారు: '19వ వచనం చూడండి' అని, అంతే. చూశాను. అబ్రాహాము తన పనివాళ్ల దగ్గరికి తిరిగి వచ్చాడని ఉంది. ఇస్సాకు పేరు లేదు. ఎక్కేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లారని రెండుసార్లు చెప్పిన కథ, దిగేటప్పుడు కొడుకు ఊసే ఎత్తలేదు. ఆ అధ్యాయంలో నన్ను ఇప్పటికీ వదలనిది అదే, దాన్నే నేను చెరిపేశాను. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, తోరా చదివేవాడికి ఎంత కంఠతా వచ్చినా చూసే చదవాలన్నది నియమం. తోరా రాసి ఉన్న ఆ చుట్టలో అచ్చులకు గుర్తులుండవు, విరామ చిహ్నాలుండవు, రాగానికీ గుర్తులుండవు. వారమంతా సాధన చేసి వచ్చినవాడు కూడా చిన్న వెండి పుల్లతో అక్షరం అక్షరం చూపించుకుంటూ చదువుతాడు. అర్థం మారే తప్పు దొర్లితే వెనక్కి తీసుకెళ్లి మళ్లీ చదివిస్తారు. రాసేవాళ్లకూ ఆ నియమమే ఉండాలని నా పట్టుదల.

ఇంకొకటి, 'వయక్‌హేల్' జోలికి వెళ్లనన్నావు. నిర్గమకాండములో దేవుడి ఆరాధన కోసం కట్టిన గుడారం కొలతలు, తెరలు, కొక్కేలు, అంతకుముందు చెప్పిందే మళ్లీ అని. నేనూ మొదట్లో అక్కడ పేజీలు తిప్పేసేవాణ్ని. 38వ అధ్యాయం 8వ వచనంలో మాత్రం ఆగు. చేతులూ కాళ్లూ కడుక్కునే గంగాళాన్ని స్త్రీలు ఇచ్చిన అద్దాలతో చేశారట, మెరుగుపెట్టిన లోహపు అద్దాలు. ఫ్రాన్సులోని త్రువా పట్టణంలో 1040 నుంచి 1105 దాకా బతికిన వ్యాఖ్యాత రాషి ఇక్కడొక పాత కథ చెప్తాడు. సోకులకు వాడే వస్తువులని మోషే వాటిని వద్దన్నాడు. దేవుడు తీసుకోమన్నాడు, అన్నిటికన్నా ఇవే నాకు ఇష్టం అన్నాడు. ఐగుప్తులో వెట్టిచాకిరీతో మొగుళ్లు నడుము విరిగి పడుంటే, ఈ ఆడవాళ్లు అన్నం నీళ్లు పట్టుకెళ్లి తినిపించి, అద్దంలో ఇద్దరి మొహాలూ చూపించి, 'చూడు, నీకన్నా నేనే అందంగా ఉన్నా' అని ఆటపట్టించేవారట. ఆ జాతి అలా నిలబడిందంటాడు. కొక్కేల లెక్కల మధ్య ఇది ఉంది తల్లీ. పేజీ తిప్పేస్తే ఎలా దొరుకుతుంది?

రాషి ఊరికే కథలు చెప్పడు. వచనంలో ఏదో అడ్డం పడితేనే నోరు విప్పుతాడు. 'రాషికి ఇక్కడ ఏం అడ్డం పడింది?' అని జెరూసలేంలో తోరా పాఠాలు చెప్పిన నెహమా లైబోవిట్జ్ తన విద్యార్థుల్ని పదే పదే అడిగేవారు. 1942 నుంచి దాదాపు 30 ఏళ్లు ఆమె వారం వారం ప్రశ్నల కాగితాలు పంపారు. పోస్టులో వచ్చిన జవాబుల్ని ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపేవారు. ఆమె పంపింది ప్రశ్నలు, ఉపన్యాసాలు కాదు. నీ మూడు వ్యాసాల్లో కలిపి ఒక్క ప్రశ్న కూడా లేదు.

రాసే పద్ధతి అడిగావు. వారపు భాగాన్ని మూలంలో రెండుసార్లు, అరమాయిక్ అనువాదంలో ఒకసారి చదవాలని యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ చెప్తుంది. నువ్వు మూలం రెండుసార్లు, తెలుగు ఒకసారి చదువు. మూలానికీ తెలుగుకూ పొత్తు కుదరని చోట గీత పెట్టు. సోమవారం, గురువారం సినగాగ్‌లో ఆ పరాషా మొదటి భాగం చదువుతారు. ఆ రెండు రోజులూ నీ గీతల దగ్గరికి వెళ్లు. గురువారం రాత్రికి ఇంకా గుచ్చుకుంటున్నది ఏదో అదే నీ వ్యాసం. ఏమీ గుచ్చుకోకపోతే ఆ వారం రాయకు. 54 పరాషాలూ ముగించి సింహత్ తోరా పండుగ రోజున మళ్లీ మొదటికొస్తారు కదా, వచ్చే ఏడు ఉంటుంది.

వచ్చే వారం 'హయ్యే సారా'. అబ్రాహాము భార్య శారా 127 ఏళ్లకు హెబ్రోనులో చనిపోయిందన్న మాటతో మొదలవుతుంది. ఏడవడానికి అబ్రాహాము 'వచ్చాడు' అని ఉంది. ఎక్కణ్నుంచి వచ్చాడు? ఇద్దరూ ఒక ఊళ్లో ఎందుకు లేరు? అక్కణ్నుంచి మొదలుపెట్టి చూడు. నాకు శుక్రవారం పొద్దున్నకల్లా అందేలా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు