ఫైలు నిండా సర్టిఫికెట్లున్నాయి, అమెరికా కాలేజీకి ఇంకేం కావాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి విశాఖలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. డిగ్రీకి అమెరికా పంపుదామనుకుంటున్నాం. అబాకస్, కరాటే, కూచిపూడి, డ్రాయింగ్, వ్యాసరచన అన్నీ కలిపి 14 సర్టిఫికెట్లున్నాయి. ఇవి చాలవు, పిల్లలు దేశాల ప్రతినిధుల్లా చర్చించే మోడల్ యునైటెడ్ నేషన్స్‌లో చేర్చండి, డబ్బు కట్టి ఒక రీసెర్చ్ పేపర్ వేయించండి అంటున్నాడు కన్సల్టెంటు. ఏం చేయమంటారు?"

ముందా ఫైలు అటకెక్కించండి. కామన్ యాప్ అని ఒక ఆన్‌లైన్ ఫారం ఉంది, వెయ్యికి పైగా కాలేజీలు దాన్నే తీసుకుంటాయి. అందులో యాక్టివిటీల దగ్గర సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసే గడే లేదు. ఉన్నవి 10 వరుసలు. ఒక్కో దాంట్లో హోదాకి 50 ఇంగ్లిష్ అక్షరాలు, సంస్థ పేరుకి 100, ఏం చేశారో చెప్పడానికి 150. మాటల మధ్య ఖాళీలూ, కామాలూ కూడా ఆ 150లోకే వస్తాయి. ఆపైన ఏయే తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతుంది. బహుమతులకి వేరే 5 గడులున్నాయి, ఒక్కోటి 100 అక్షరాలు. తరగతులంటే 9 నుంచి 12 వరకే, అంటే మన సెకండియర్ దాకా. మూడో తరగతి అబాకస్ పతకం గోడకి అందం, అంతే. కూచిపూడి ఇప్పటికీ సాగుతుంటే మాత్రం అది వేరే సంగతి, దాన్ని పై వరుసల్లో పెట్టాలి.

ఫారం చదివేవాళ్లు వెతికేది ఒకటే: ఈ పిల్ల ఒక పని పట్టుకుని ఎంతకాలం నిలబడింది, దానివల్ల ఏం మారింది. ఉదాహరణకి బీచ్ క్లీనింగే తీసుకోండి. ఆర్కే బీచ్‌లో ఏదో ఒక దినోత్సవం నాడు టీషర్టులిచ్చి, బ్యానరు పట్టించి, ఫొటోలు తీసి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఊళ్లో సగం మంది పిల్లల దగ్గర అదే కాగితం ఉంటుంది. దాంతో ఎవరి దరఖాస్తూ ముందుకు జరగదు.

అదే బీచ్‌లో, అదే చెత్తతో, పైసా ఖర్చు లేకుండా చేయదగిన పని ఇంకోటుంది. మన ఊళ్లో గెడ్డలు, అంటే ఊరి నీళ్లు మోసుకొచ్చే కాలువలు, సముద్రంలో కలిసే చోట్లున్నాయి కదా, ఒకదాన్ని ఎంచుకోండి. గెడ్డ మూతి పక్కన ఎప్పటికీ కదలని గుర్తు ఒకటి చూసుకోవాలి, దీపస్తంభమో మెట్లో. అక్కణ్ణుంచి 20 మీటర్ల తాడు పరిచి, అలల గీత దాకా ఉన్న ఇసుకలో ఏమేం పడున్నాయో రకాలవారీగా లెక్క రాయాలి: సీసా మూతలు, షాంపూ సాషేలు, థర్మోకోల్ ముక్కలు, వల పోగులు, చెప్పులు, ఆహార పొట్లాలు, మిగతావి. చేతికి మందపాటి గ్లోవ్స్, కాలికి బూట్లు ఉండాల్సిందే. సూదులు, గాజుపెంకులు కనిపిస్తే లెక్కలో రాయడమే తప్ప ముట్టుకోకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. మున్సిపాలిటీ వాళ్లు ఊడ్చిన తర్వాత వెళ్తే లెక్క సున్నా వస్తుంది. ఒక వారం ఊడ్వకముందు, ఇంకో వారం ఊడ్చాక వెళ్తే ఆ అంకెలకి అర్థమే ఉండదు. అలాగే ఒకసారి పోటు మీద, ఒకసారి ఆటు మీద వెళ్తే ఇసుక వెడల్పే మారిపోతుంది. అందుకని ఆటుపోట్ల పట్టిక చూసుకుని ప్రతిసారీ ఆటు వేళకే వెళ్లాలి, ఊడ్చారా లేదా అన్నది రాసుకోవాలి, ముందు రెండు రోజుల్లో వాన పడిందా అన్నది మరీ ముఖ్యంగా రాసుకోవాలి. వాన పడితే గెడ్డ ఊళ్లో చెత్తంతా మోసుకొస్తుంది. జనం బీచ్‌లో పడేసిందెంత, గెడ్డ తెచ్చిందెంత అన్నది తేలేది ఆ ఒక్క గడి వల్లే. అక్కణ్ణుంచి రెండు వందల మీటర్ల అవతల, గెడ్డ లేని చోట ఇంకో 20 మీటర్లు లెక్కపెడితే పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. ఈ రెండో లెక్క లేని ప్రాజెక్టుని సైన్స్ తెలిసినవాళ్లు నమ్మరు.

లెక్కకి రెండు గంటలు, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఎక్కించడానికి గంట. వారానికి 3, ఏడాదికి 30 వారాలు, మొత్తం 90 గంటలు. ఫస్టియర్‌లో మొదలుపెడితే సెకండియర్ దసరాకి 40 వారాల లెక్క చేతిలో ఉంటుంది. ఒక మ్యాపు, రెండు గ్రాఫులు, రెండు పేజీల ఉత్తరం తీసుకెళ్లి జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) జోనల్ ఆఫీసులో ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. వాళ్లు అక్కడ చెత్త ఆపే జాలీ కట్టినా, కట్టకపోయినా మీ అమ్మాయి పని పూర్తయినట్టే.

మధ్యలో ఒక మాట. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ పేరు ఫారంలో బాగుంటుందని పిల్లల్ని రాత్రిళ్లు గుడ్లు ఏరడానికి తోలకండి. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రాణి అది. అటవీశాఖ అనుమతి ఉన్న బృందంతో కలిస్తే సరే, లేకపోతే అది నేరం.

ఇప్పుడు 150 అక్షరాల సంగతి. మనవాళ్లు రాసేది ఇలా ఉంటుంది: "పర్యావరణం మీద మక్కువతో బీచ్ శుభ్రతా కార్యక్రమాల్లో చురుగ్గా పాల్గొని ఎంతో నేర్చుకున్నాను." ఇందులో సమాచారం ఒక్కటీ లేదు. రాయాల్సింది: "నగరపు కాలువ సముద్రంలో కలిసేచోట 40 వారాలు చెత్త లెక్క, 7 రకాలు, వాన తర్వాతి పెరుగుదల గుర్తింపు, నగరపాలక సంస్థకు నివేదిక." ఇంగ్లిష్‌లో ఇది 150లో పడుతుంది. "నేను" అక్కర్లేదు, వాక్యం పూర్తి కానక్కర్లేదు, క్రియతో మొదలుపెడితే చాలు. చదివేది ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాళ్లు కాబట్టి లక్ష అని రాయకూడదు, 100,000 అని రాయాలి. ఎన్‌సీసీ, జీవీఎంసీ అంటే వాళ్లకి తెలియదు, విడదీసి చెప్పాలి. ఇంటర్ ఫస్టియర్ అంటే 11వ తరగతి. అన్నిటికన్నా బలమైనది మొదటి వరుసలో ఉండాలి.

గంటల దగ్గర అబద్ధం సులువుగా దొరికిపోతుంది. పది వరుసలూ నింపాలన్న ఆత్రంలో ఒక్కోదానికి వారానికి 6 గంటలు వేస్తే 60 అవుతుంది. మన కార్పొరేట్ కాలేజీల పిల్లలకి పొద్దున ఆరు నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఊపిరి సలపదు, ఆదివారం కూడా వీకెండ్ టెస్టే. ఆ 60 గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆటస్థలం లేని అపార్ట్‌మెంట్లలో కాలేజీలు నడిపి, ఫీజులో మాత్రం స్పోర్ట్స్ అని రాయడం ఇంకో విడ్డూరం. నన్నడిగితే నిజమైన ఐదు వరుసలు పదింటికన్నా మేలు. చివర్లో అంతా నిజమేనని సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు. డబ్బు కట్టి వేయించే రీసెర్చ్ పేపర్‌ని కూడా ఇందులోనే కలపండి. ఆ పేపర్లో రెండో పేరా గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే పిల్ల బిక్కమొహం వేస్తుంది. మోడల్ యునైటెడ్ నేషన్స్ చెడ్డదేం కాదు, మాట్లాడటం ఇష్టమున్న పిల్లకి మంచిదే. రెండు రోజులు కోటేసుకుని వచ్చినంత మాత్రాన అది నాయకత్వం అయిపోదు.

మనవాళ్లు అసలు రాయనిది ఒకటుంది, నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ ఫారంలో కుటుంబ బాధ్యతలు అని ఒక రకం, జీతానికి చేసిన పని అని ఒక రకం ఉన్నాయి. రోజూ పొద్దున గంటన్నర అమ్మ టిఫిన్ సెంటర్లో కౌంటర్ మీద కూర్చుని, ఫోన్‌పే లెక్కా చిల్లర లెక్కా సరిచూసి, రేపటికి పిండి ఎంత రుబ్బాలో చెప్పే పిల్లాడి ఇంట్లో "మావాడికి యాక్టివిటీలేం లేవండీ" అంటారు. వారానికి పది గంటలు, ఏడాదికి 45 వారాలు, మూడేళ్లు! మిగిలిపోయే పిండి ఎంత తగ్గిందో ఒక అంకె వేస్తే అదే మొదటి వరుస. మంచాన పడ్డ నాయనమ్మని చూసుకోవడం, తమ్ముడికి చదువు చెప్పడం కూడా ఇందులోకే వస్తాయి. చెప్పుకోవడానికి నామోషీ పడకండి.

అమెరికా కాకపోతే లెక్క మారుతుంది. బ్రిటన్‌కి దరఖాస్తు పెట్టే ఫారం యూకాస్‌లో 2026 ప్రవేశాల నుంచి వ్యాసం మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం కలిపి 4,000 అక్షరాలు. వాళ్లకి కావాల్సింది చేరబోయే సబ్జెక్టుకి సంబంధించిన పని. గెడ్డ లెక్క అక్కడా పనికొస్తుంది, కరాటే పెద్దగా పనికిరాదు. ఇక మనదేశంలో ఐఐటీ అంటే జేఈఈ ర్యాంకే. చిన్న కిటికీలు కొన్నున్నాయి: జాతీయస్థాయి క్రీడల్లో పతకం తెచ్చి, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కూడా ఉన్నవాళ్లకి ఐఐటీ మద్రాస్ 2024 నుంచి ఒక్కో కోర్సులో రెండేసి అదనపు సీట్లు ఇస్తోంది. ఈఏపీసెట్‌లో ఎన్‌సీసీకీ, ఆటలకీ కోటా ఉంది, అక్కడ మాత్రం ఒరిజినల్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో కళలకీ క్రీడలకీ కలిపి 5 శాతం అదనపు సీట్లున్నాయి. వీటి కోసమైతే అటక మీది ఫైలు దింపి ఏ స్థాయి సర్టిఫికెట్లున్నాయో చూడండి.

అమెరికాకే అయితే టైము చూసుకోండి. ఫారం ఆగస్టు 1న తెరుస్తారు, ముందస్తు గడువు చాలాచోట్ల నవంబరు 1, మామూలు గడువు జనవరి మొదట్లో. జేఈఈ మెయిన్ మొదటి విడత కూడా ఆ జనవరిలోనే. రెండూ రాసే పిల్ల దసరా సెలవుల్లోగా యాక్టివిటీల పేజీ ముగించేయాలి. తొమ్మిదో తరగతి మార్కుల కాగితం పాత స్కూల్లో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, రెండేళ్ల తర్వాత క్లర్కు మారితే దొరకదు. సిఫారసు ఉత్తరం లెక్చరరే తన మెయిల్‌తో అప్‌లోడ్ చేయాలి. కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ వాళ్లకి అసలుందో లేదో ఈ వారమే కనుక్కోండి.