అండమాన్‌లో పెళ్లి: బీచ్ చూసే ముందు తిథి చూడండి

ప్రశ్న: మాది నెల్లూరు. పిల్లలు ఏదైనా దీవిలో, బీచ్ మీద, వంద మందితో పెళ్లి చేసుకుంటామంటున్నారు. అండమాన్ మంచిదా, మాల్దీవులా? ఎట్లా ప్లాన్ చేసుకోవాలి?

మా అన్న కూతురి పెళ్లి అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో చేశాం. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, అక్కడ ఎవరిని అడిగినా హావ్‌లాక్ అనే అంటారు. నేను పిల్లకు చిన్నాయనను. పనులన్నీ చిన్నాయన నెత్తిన పడటం మన ఇళ్లల్లో మామూలే కదా, అందుకని నాకు తెలిసింది కాస్త వివరంగానే చెప్తాను.

మాల్దీవుల సంగతి ముందే తేల్చేద్దాం. పూజ చేసుకునే విగ్రహాలను ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు. వాళ్ల కస్టమ్స్ నిషేధాల్లోనే ఉంది. దేవుడి బొమ్మను ఇంట్లో పెట్టేసి పెళ్లికి రమ్మంటే మా పురోహితుడు ఆ గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు. పసుపు ముద్దతో గణపతిని చేసుకుంటాం అంటారేమో, మీ ఇష్టం. నన్నడిగితే మాల్దీవులు పెళ్లయ్యాక జంటగా వెళ్లాల్సిన చోటు, చుట్టాలను వెంటేసుకుని పోయేది కాదు.

అండమాన్‌కైతే పాస్‌పోర్టు అక్కర్లేదు. మద్రాసులో విమానం ఎక్కితే రెండుంబావు గంటల్లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతారు (దాని పేరూ 2024లో శ్రీ విజయపురం అయింది). అక్కడి నుంచి హావ్‌లాక్‌కు పడవలో సుమారు రెండు గంటలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన నెల్లూరు నుంచి మద్రాసే 175 కిలోమీటర్లు. పొద్దున విమానమంటే అర్ధరాత్రి బయల్దేరాలి. పెద్దవాళ్లు విమానం ఎక్కకముందే నీరసపడిపోతారు, ఆ తర్వాత పడవలో వాంతులు. మా మేనత్త అయితే రేవులో దిగినదాకా కళ్లు తెరవలేదు.

నెల విషయానికొస్తే, శ్రావణంలో ముహూర్తం పెట్టుకోవద్దు. అప్పుడు అక్కడ నైరుతి వానలు, సముద్రం అల్లకల్లోలమైతే పడవలు ఆపేస్తారు. పెళ్లికొడుకు ఒక దీవిలో, పెళ్లికూతురు ఇంకో దీవిలో ఉంటే ఏం చేస్తారు? ధనుర్మాసం దాటి మాఘం వస్తే మన ముహూర్తాలూ మొదలవుతాయి, అక్కడ సముద్రమూ నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా ఒక రోజు ముందే హావ్‌లాక్ చేరేట్టు చూసుకోండి. సాయంత్రం లగ్నం అసలు వద్దు. ఫిబ్రవరిలో కూడా అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే బాగా ముందుంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా పిల్ల లగ్నం మాఘ బహుళ విదియ, పొద్దున పది దాటాక. బీచ్ మీద మంటపం కట్టే బాధ్యత ఒక వెడ్డింగ్ ప్లానర్‌కు ఇచ్చాం. కుర్రాడు తెల్లచొక్కా, చేతిలో ట్యాబ్, నోరు తెరిస్తే ‘థీమ్’, ‘వైబ్’. ముందురోజు సాయంత్రం నాలుగింటికి నీళ్లు దూరంగా వెళ్లిపోయి ఉన్నాయి, ఇసుక నున్నగా, విశాలంగా ఉంది. నీటికి దగ్గరగా ఉంటే ఫొటోలు బాగుంటాయని అక్కడే నాలుగు గుంజలు పాతించాడు.

మాతో మైపాడు నుంచి ఒకాయన వచ్చాడు. మా నాయన స్నేహితుడు, చిన్నప్పటి నుంచీ మేం మావా అనే పిలుస్తాం. పడవలున్న మనిషి. పంచె పైకి కట్టుకుని ఆ గుంజల దాకా నడిచి వెళ్లాడు, మళ్లీ చెట్లకేసి నడిచి వచ్చాడు. అక్కడ ఎండుటాకులు, నాచు, కొబ్బరి పీచు ఒక గీత గీసినట్టు వరసగా పడి ఉన్నాయి. కాలితో దాన్ని కదిపి, ‘రేపు తిథి ఏంది అబ్బయ్యా?’ అన్నాడు. విదియ అన్నాను. ‘పున్నమి పోయి రెండోనాడు. నిన్నటికంటే పెద్ద పోటు. నీళ్లు ఈడికొస్తాయి. పది, పదకొండు మధ్యలో’ అన్నాడు.

ప్లానర్ ఒప్పుకోలేదు. ఇక్కడ ఎన్నో పెళ్లిళ్లు చేశామన్నాడు. మావ వాదించలేదు. ‘సరే నాయనా, పెళ్లికూతురికి ఈతొచ్చా?’ అని మాత్రం అడిగాడు. మా అన్న ఇంకో మాట మాట్లాడకుండా గుంజలు పీకించాడు. రాత్రి టార్చిలైట్ల వెలుగులో మంటపాన్ని చెట్ల కిందికి మార్చారు. మరునాడు జీలకర్ర బెల్లం పెట్టే వేళకు, మొదట గుంజలు పాతిన చోట మోకాలి లోతు నీళ్లు. మావ ముందు వరసలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

ఇందులో మంత్రమేం లేదు. పున్నమికీ అమావాస్యకూ సూర్యచంద్రులు ఒకే వరసలో లాగుతాయి కాబట్టి పోటు ఎక్కువ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా ఎక్కువ. అష్టమి, నవమి దగ్గర తక్కువ. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మన తిథులు చంద్రుడివే, పోటూ చంద్రుడిదే. పురోహితుడి దగ్గర పంచాంగం ఉంటుంది, పడవవాళ్లకు లెక్క నోటికి వస్తుంది. లక్షలు తీసుకునే ప్లానర్ ఈ ఇద్దరినీ ఒక మాట అడగడు.

గాలి సంగతి కూడా చెప్పాలి. అడ్డుతెర తెరచాపలా ఉబ్బిపోయి పట్టుకున్న మరదళ్లు ఇద్దరూ రెండడుగులు వెనక్కి పోయారు. హోమగుండం చుట్టూ మూడు పక్కలా రేకులు అడ్డం పెడితేగానీ అగ్ని నిలబడలేదు.

సామాను విషయంలో కూడా జాగ్రత్త. మద్రాసు విమానాశ్రయంలో పురోహితుడి సంచి విప్పించి కర్పూరం, అగ్గిపెట్టెలు, ఎండు కొబ్బరి చిప్పలు తీసేశారు. ఆయన ‘ఇవి బాంబులా?’ అని పెద్ద రగడ చేశాడు గానీ నిబంధన నిబంధనే, అవి తొందరగా అంటుకునే సరుకులు. నెయ్యి, కర్పూరం పోర్ట్ బ్లెయిర్‌లోనే కొనుక్కోండి. అరటి బోదెలు, కొబ్బరిబోండాలు అక్కడ కావలసినన్ని. భాష ఇబ్బంది కూడా లేదు, అక్కడ తెలుగువాళ్లు బోలెడుమంది. మా వ్యాను డ్రైవరు శ్రీకాకుళం యాసలో మాతో హాయిగా కబుర్లు చెప్పాడు. అన్నట్టు, పిల్లలను పగడపు ముక్కలు ఏరనివ్వకండి, అవి తీసుకురావడం చట్టప్రకారం నేరం.

ఇక ‘వంద మందే కాబట్టి ఖర్చు తగ్గుతుంది’ అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ వంద మందిలో మా జేజి లేదు, ఆ మోకాళ్లతో ఆమె పడవ మెట్లు ఎక్కలేదు. కావలి చుట్టాల్లో సగం మంది లేరు. ‘మమ్మల్ని లెక్కలో వేయలేదా?’ అని మొహం మాడ్చుకున్నవాళ్లకోసం ఊరొచ్చాక కల్యాణమండపం తీసుకుని మళ్లీ భోజనాలు పెట్టాం. చేపల పులుసు కూడా వండించాం, దానికి మాత్రం అందరూ వచ్చారు. మీ లెక్కలో ఈ రెండో భోజనాల ఖర్చు ఇప్పుడే రాసుకోండి.

వివాహ రిజిస్ట్రేషన్ ఊళ్లోనే చేయించుకోవచ్చు. శుభలేఖ ఒకటి, తాళి కట్టే ఫొటో ఒకటి పక్కన పెట్టుకోండి. శుభలేఖలన్నీ పంచేసి, ఆఫీసుకు వెళ్లే రోజు మేం చుట్టాల ఇళ్లల్లో వెతుక్కున్నాం.