ఆ పాత, వింత క్రైమ్ సినిమాలలో నిజంగా విషయం ఉందా?

విడుదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోని పాత క్రైమ్ సినిమాలను కొందరు ఇప్పుడు పనిగట్టుకుని వెతికి మరీ ఎందుకు చూస్తున్నారు, వాటిలో నిజంగా విషయం ఉందా లేక అది పాతదనం మీది మోజేనా అని అడిగారు. మోజు బొత్తిగా లేదని నేను అనను. అయితే నన్ను పట్టి ఉంచినది వేరొకటి: తీసినవారు ఎక్కడ ఇబ్బందిలో పడ్డారో, దాని నుంచి ఎలా బయటపడ్డారో ఆ సినిమాలలో కంటికి కనిపిస్తుంది. నున్నగా చెక్కిన పెద్ద సినిమాలలో ఆ జాడలన్నీ చెరిపేసి ఉంటాయి.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది 1945లో ఎడ్గార్ ఉల్మర్ తీసిన 'డీటూర్' చూసినప్పుడు. నిజం చెప్పాలంటే మొదటిసారి నవ్వుకున్నాను. అమెరికాలో జరిగే కథలో కార్లు రోడ్డుకు తప్పు పక్కన పోతుంటాయి, లిఫ్ట్ అడిగిన కథానాయకుడు డ్రైవర్ ఎక్కవలసిన వైపు నుంచి కారెక్కుతాడు. తరువాత చదివితే తెలిసింది, న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు సాగే ప్రయాణం తెర మీద కుడి నుంచి ఎడమకు, అంటే పటంలో పడమటికి పోయినట్టు కనిపించడానికి ఆ షాట్ల నెగటివ్‌ను తిరగేశారట. అదే సినిమాలో న్యూయార్క్ వీధి అంటూ చూపించేది దట్టమైన పొగమంచు, అందులో వీధి పేరు రాసిన ఒకటి రెండు స్తంభాలు, అంతే. సెట్ వేయడానికి డబ్బు లేని చిన్న సంస్థ అది. రెండోసారి చూసినప్పుడు మాత్రం ఆ మంచు నాకు పేదరికంలా అనిపించలేదు. కథంతా ఒక మనిషి తన గొంతుతో తానే చెప్పుకుంటున్నది. ఇద్దరి చావు తాను దగ్గర ఉండగానే జరిగినా రెండూ ప్రమాదాలేనని, తన తప్పేమీ లేదని పదే పదే నమ్మబలుకుతున్నవాడి జ్ఞాపకంలో వీధులు అంతకంటే స్పష్టంగా ఎందుకు ఉంటాయి?

ముగింపు ఇంకా చిత్రమైనది. నేరం చేసినవాడికి తెర మీద శిక్ష పడి తీరాలన్నది అప్పటి హాలీవుడ్ నియమావళి. అందుకని చివరలో పోలీసు కారు వచ్చి అతన్ని ఎక్కించుకుపోతుంది, అయితే ఆ సమయంలో వినిపించే అతని మాటలు ఎప్పుడో ఒకనాడు జరగబోయేదాని గురించినవి. పట్టుబడ్డాడా, పట్టుబడతానని ఊహించుకున్నాడా? నియమం నెరవేరింది, అనుమానమూ మిగిలింది.

జోసెఫ్ లూయిస్ తీసిన 'గన్ క్రేజీ' (1950)లో ఉన్నది ఇంకో రకం చాకచక్యం. బ్యాంకు దోపిడీ సన్నివేశంలో కెమెరా అసలు బ్యాంకులోకే వెళ్లదు. మూడు నిమిషాలకు పైగా సాగే ఒకే షాట్‌లో అది కారు వెనుక సీటులోనే కూర్చుని ఉంటుంది; దోపిడీకి బయలుదేరిన జంట కారు ఆపడానికి చోటు దొరుకుతుందా అని కంగారు పడుతుంటే మనమూ పడతాం, అతను లోపలికి వెళ్లాక ఆమె బయట పోలీసుతో కబుర్లు చెబుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. పారిపోయేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ ముఖంలో భయం లేదు, ఆనందం ఉంది. తిజోరీని, బెదిరింపులను, నోట్ల కట్టలను చూపించి ఉంటే ఆ ముఖం మన కంటపడేది కాదు.

ఇలా తీసినందుకు మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. జపాన్‌లో సెయిజున్ సుజుకి 1967లో 'బ్రాండెడ్ టు కిల్' తీశారు. స్టూడియో అడిగింది మామూలు కిరాయి హంతకుడి కథ. ఆయన ఇచ్చింది ఉడికే అన్నం వాసన పీలిస్తే తప్ప ఒంట్లో ఉత్సాహం పుట్టని హంతకుడిని. గురిపెట్టిన తుపాకి గొట్టం మీద సీతాకోకచిలుక వచ్చి వాలుతుంది, గురి తప్పుతుంది, అక్కడి నుంచి వేటాడేవాడే వేటగా మారతాడు. మరుసటి సంవత్సరం నిక్కట్సు సంస్థ ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆయన దావా వేశారు, 1971లో రాజీ కుదిరింది, కానీ మరో సినిమా తీసే అవకాశం 1977 వరకు రాలేదు.

పాతవి, వింతవి అయినంత మాత్రాన అన్నీ చూడదగ్గవేమీ కావు. ఈ పిచ్చిలో పడి నేను చూసినవాటిలో సగానికి సగం నిద్ర పుచ్చాయి. చేతకానితనాన్ని కూడా కళ అని పొగిడే అభిమానుల మాటలను కాస్త తగ్గించుకుని వినడం మంచిది.

నా అభిమానాన్ని కూడా అలాగే వినండి. రాబర్ట్ ఆల్డ్రిచ్ 'కిస్ మీ డెడ్లీ' (1955)లో ఒక డిటెక్టివ్, అందరూ ఎగబడుతున్న పెట్టె ఒకటి వెతుకుతూ పోతాడు. అందులో ఏముందో పోలీసు మిత్రుడు మూడు పేర్లతో చెప్పి ఊరుకుంటాడు: మాన్‌హాటన్ ప్రాజెక్ట్, లాస్ అలమోస్, ట్రినిటీ. మూడూ అమెరికా అణుబాంబు తయారీతో ముడిపడిన పేర్లే. నేను మొదట చూసిన కాపీలో సముద్రపు ఒడ్డున ఇల్లు పేలిపోవడంతో సినిమా ఠక్కున ఆగిపోయింది, లోపల ఉన్నవారు ఏమయ్యారో తెలియలేదు. అది కత్తిరింపుకు గురైన ప్రింటని, డిటెక్టివ్, అతని సహాయకురాలు తడబడుతూ అలల్లోకి చేరుకునే అసలు ముగింపును 1997లో తిరిగి చేర్చారని చాలాకాలానికి తెలిసింది. దర్శకుడు తీసినది అదే కాబట్టి అదే సరైనది, చూడాలనుకుంటే మీరూ అదే చూడండి. నాకు మాత్రం ఇప్పటికీ ఆ తెగిపోయిన ముగింపే ఎక్కువ ఇష్టం.